ముప్పై ఆరో రోజు

1988 ఫిబ్రవరి 8, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఆళ్ళగడ్డ క్షయ చికిత్సా కేంద్రంలో కంప్యూటర్ తెర ఆరిపోయింది. నేను అక్కడ లేను. నంద్యాలలో రెండో సంవత్సరం విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ పాఠం చెబుతున్నాను. అక్కడి సిస్టర్ ఆ సమయాన్ని తమ రిజిస్టరులో రాసిపెట్టారు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను. తెర ఆరిపోయేటప్పటికి ఆమె ముందు బల్ల మీద ఉన్న కార్డు నంబరు 212. నల్లమల అంచున ఒక గూడెంలో ఉండే చెంచు మనిషిది ఆ కార్డు. వెదురు నరికే కూలీ. వయసు నలభై అని కార్డులో ఉంది. అది ఆయన ముఖం చూసి సిస్టర్ వేసిన అంచనా. మందు మొదలుపెట్టి అది అయిదో నెల. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు పొట్లం కట్టి, మొదటి మాత్ర తమ ఎదుటే మింగించి, ఆమె ఆయన్ను పంపేశారు. కార్డు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కకుండానే మిగిలిపోయాయి.

ఆ కంప్యూటర్ చేసే పని చాలా చిన్నది. కానీ ఆ చిన్న పని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉండేవి. క్షయకు మందు వాడేవాడు రెండు నెలలకే దగ్గు తగ్గి, అన్నం సయించి, తనకు బాగైపోయిందని అనుకుంటాడు. అక్కడ ఆపితే జబ్బు మళ్ళీ లేస్తుంది. రెండోసారి లేచినది మాత్రలకు ఒక పట్టాన లొంగదు. మళ్ళీ మొదటి నుంచి, రోజుకొక సూదితో మొదలుపెట్టాలి. అందుకని ప్రతి సోమవారం ఉదయం కంప్యూటర్ ఒక కాగితం అచ్చు వేసేది. గడువు దాటి వారమైనా మందుకు రానివాళ్ళ పేర్లు అందులో ఉండేవి. సిస్టర్ దాన్ని తప్పినోళ్ళ పట్టీ అనేవారు. ఆ పట్టీలో పేరు ఉంటే ఊళ్ళు తిరిగే కార్యకర్త సైకిలెక్కి ఆ మనిషి ఇంటికి పోయేవాడు. పేరు లేకపోతే ఎవరూ పోయేవారు కారు. ఆరు వందల కార్డుల్లో ఎవరు తప్పారో మరో విధంగా తెలుసుకునే మార్గం లేదు.

1974లో ఆ కేంద్రం తెరిచినప్పటి నుంచి పదేళ్ళపాటు సిస్టర్ ఆ కార్డులను చేత్తోనే తిరగేశారు. అప్పట్లో కార్డులు నూరు దాటేవి కావు. 1984లో కేంద్రాన్ని నడిపే ట్రస్టువారు కంప్యూటర్ ఇచ్చాక ఆమెకు ఆదివారాలు ఖాళీ దొరికాయి. ప్రార్థనకు సకాలంలో పోగలుగుతున్నానని ఆమె నాతో ఒకసారి చెప్పారు.

ఇక నా పని గురించి చెప్పాలి. నంద్యాల కేంద్రంలో కూడా ఇలాంటి పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. అది 1986 జూన్ 16న పాడైంది. విడి భాగాలు దొరకలేదు. ట్రస్టువారు కొత్త తరం యంత్రాన్ని కొన్నారు. దాని ప్రాసెసర్ వేరు, దానికి తెలిసిన భాష వేరు. పాత ప్రోగ్రాం దానికి ఒక్క ముక్క అర్థం కాదు. పాత ప్రోగ్రాం రాసినవారు ఊరు మారిపోయారు, మూల రాత ఎవరి దగ్గరా లేదు. పాఠాలు చెప్పుకునే నన్ను పిలిచి, ఏదైనా దారి ఉందా అని అడిగారు. ఉన్న దారి ఒక్కటే. కొత్త యంత్రం లోపల పాత యంత్రాన్ని నటింపజేయాలి. పాత ప్రోగ్రాంలోని ఒక్కొక్క ఆజ్ఞను చదివి, ఆ పాత ప్రాసెసర్ అయితే ఇప్పుడేమి చేసి ఉండేదో అదే చేసి చూపించే ప్రోగ్రాం నేను రాశాను. మా వైపు పగటివేషగాడు ఒకే ఒంటి మీద ఒకరోజు శక్తివేషం, మరునాడు ఫకీరు వేషం కడతాడు. ఆ వేషం నడక, ఆ వేషం మాట తనవి చేసుకుంటాడు. నా ప్రోగ్రాం 1986లో నేర్చుకున్నది ఒకే వేషం, నంద్యాల పాత యంత్రంలోని ఎనభై ఎనభై అయిదు అనే ప్రాసెసర్. ఆళ్ళగడ్డ పాత యంత్రంలో ఉన్నది జెడ్ ఎనభై. కాబట్టి 1988 ఫిబ్రవరిలో నాకు అప్పజెప్పిన పని, నా ప్రోగ్రాంకు రెండో వేషాన్ని, అంటే రెండో ప్రాసెసర్ నమూనాను, చేర్చడం.

సిస్టర్ దానికి ఉత్తుత్తి మిషన్ అని పేరు పెట్టారు. ఊళ్ళు తిరిగే కార్యకర్తను అందరూ సైకిల్ అన్న అంటారు. ఆయన తండ్రి మిషన్ బడిలో అయ్యవారు. ఆ పేరు విన్న రోజు ఆయన ముఖంలో నవ్వు లేకుండా అన్నాడు:

"మా నాయన పనిజేసింది అసలు మిషన్‌లో. నా రాతకు ఉత్తుత్తి మిషన్ వచ్చినాది."

"నీ సైకిలన్నా అసలుదేనా, అదీ ఉత్తుత్తిదేనా?" అన్నారు సిస్టర్.

"తొక్కేవానికి తెలుస్తాది సిస్టరమ్మా. కావాలంటే ఒక్కసారి శిరివెళ్ళ దాకా తొక్కి చూడు."

ఫిబ్రవరి 10న పని మొదలుపెట్టాను. ఆళ్ళగడ్డకు కొన్న కొత్త యంత్రాన్ని ముందు నంద్యాల కేంద్రంలోనే దించారు. రోజూ నాలుగున్నరకు పాఠాలు ముగించి, అక్కడికి నడిచిపోయి, రాత్రి తొమ్మిది దాకా కూర్చునేవాణ్ణి. మొత్తం అరవై మూడు గంటలని డైరీలో ఉంది. ఆ అరవై మూడు గంటల్లో కరెంటు లేనివి పద్నాలుగు. ఆ సమయంలో కాగితం మీద పని చేసుకున్నాను. నంద్యాల నమూనాకు తెలిసిన ఆజ్ఞలు రెండు వందల నలభై ఆరు. ఆళ్ళగడ్డ నమూనాకు దాదాపు అవన్నీ తెలుసు, అవి కాక మరి రెండంతలు తెలుసు. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క చిన్న భాగం రాయడం, దాని ఫలితాన్ని ప్రాసెసర్ పుస్తకంలోని పట్టికతో పోల్చడం, గీత కొట్టడం. ఇందులో ఉత్సాహపడటానికి ఏమీ లేదు. వడ్లు దంచేవాడు ప్రతి పోటునూ లెక్కపెడితే ఎట్లా అలిసిపోతాడో నేను అట్లా అలిసిపోయాను.

ఆ ఆజ్ఞల్లో ఒకటి తీసివేతకు సంబంధించినది. దాన్ని కొంచెం వివరించాలి. చిన్నప్పుడు బడిలో తీసివేత చేసేటప్పుడు, పై అంకె చాలకపోతే పదుల ఇంటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకునేవాళ్ళం. ఆ ఒకటి ఇక్కడికి వచ్చి పది అయ్యేది. ప్రాసెసర్ మాత్రం పదులతో కాక పదహార్లతో లెక్కిస్తుంది. కాబట్టి దానికి అప్పు తెచ్చిన ఒకటి పదహారవుతుంది, ఆరు ఎక్కువ. ఆ ఎక్కువైన ఆరును తీసేసి, లెక్కను మనుషుల లెక్కగా దిద్దే ఆజ్ఞ ఒకటి ఉంది. నంద్యాల నమూనాకు కూడిక తరువాత దిద్దడమే తెలుసు. ఆళ్ళగడ్డ నమూనా తాను ఇంతకుముందు చేసింది కూడికా తీసివేతా అని గుర్తుపెట్టుకొని, తీసివేత అయితే తీసివేతకు తగినట్లు దిద్దుతుంది. రెండు నమూనాల మధ్య ఉన్న తేడాలన్నిటిలో ఇది నాకు ముఖ్యమైనది. ఎందుకంటే ఆళ్ళగడ్డ ప్రోగ్రాం రోజుల లెక్కను తీసివేతతోనే చేసేది. ఈనాటి రోజు సంఖ్యలోంచి మందు ఇచ్చిన రోజు సంఖ్యను తీసేసేది.

ఆ పట్టిక నా దగ్గర ఫొటోకాపీగా ఉంది, ఫొటోకాపీకి ఫొటోకాపీ. సరిగ్గా ఆ వరసలో ఆరు తీసేయమని చెప్పే గుర్తు అలుక్కుపోయి ఉంది. దాన్ని ఆరని చదవచ్చు, ఏడని కూడా చదవచ్చు. లెక్క ప్రకారం ఆరు కాబట్టి ఆరే వేశాను.

ఫిబ్రవరి 22, సోమవారం సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలకు మొదటిసారి ఆళ్ళగడ్డ ప్రోగ్రాం నా నమూనాలో నడిచింది. పరీక్ష కోసం జనవరి 25న మందు ఇచ్చిన మూడు కార్డులు తీసుకున్నాను. జనవరి 25 సంవత్సరంలో ఇరవై అయిదో రోజు. ఫిబ్రవరి 22 యాభై మూడో రోజు. యాభై మూడులోంచి ఇరవై అయిదు పోతే ఇరవై ఎనిమిది. తెర మీద మూడు కార్డులకూ ఇరవై తొమ్మిది అని వచ్చింది.

తీసివేతలో ఒకటి తేడా వచ్చిందంటే, అప్పు తెచ్చేచోట పొరపాటు ఉందని నా వృత్తిలో ఎవరైనా చెబుతారు. నేను అదే అనుకున్నాను. అలుక్కుపోయిన గుర్తు వైపు మళ్ళీ చూశాను. ప్రాసెసర్లకు వాటి సొంత వంకరలు ఉంటాయి. నంద్యాల నమూనాలోనే పుస్తకం చెప్పని వంకర ఒకటి నేను చూశాను. నటించేవాడు ఆ వంకరనూ నటించాలి. ఆ గుర్తు ఏడే అయి ఉంటుందనుకున్నాను. ఆరు కొట్టేసి ఏడు వేశాను. మూడు కార్డులకూ ఇరవై ఎనిమిది వచ్చింది. డైరీలో "సరిపోయినది" అని రాశాను. సమయం అయిదు యాభై.

నాకు మూడు దారులు ఉండేవి. కర్నూలులో ఒక కళాశాలలో జెడ్ ఎనభై యంత్రం ఉందని తెలుసు. ఒక రోజు సెలవు పెట్టి పోయి, ఈ ఒక్క తీసివేతను అసలు యంత్రం మీద చేయించి చూడవచ్చు. పోలేదు. అప్పు అవసరం లేని తేదీలతో నాలుగో కార్డు తీసుకొని చూడవచ్చు; అప్పటికీ ఇరవై తొమ్మిదే వచ్చి ఉండేది, ఏడు తప్పని అక్కడే తేలి ఉండేది. తీసుకోలేదు. ఆళ్ళగడ్డకు ఫోను చేసి, ఈ అంకె ఇదివరకు ఎంత చూపించేదని సిస్టర్‌ను అడగవచ్చు. అడగలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, నలభై రెండు ప్రయోగాల పుస్తకాలు దిద్దవలసి ఉన్నాయి, నడుము నొప్పిగా ఉంది. ఇవి కారణాలని రాయడం లేదు. ఆనాటి పేజీలో ఇవి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 27న యంత్రాన్ని ఆళ్ళగడ్డకు చేర్చాము. ఆగిపోయిన రోజుల వివరాలన్నీ, కార్డు నంబరు 212తో సహా, సిస్టర్ ఎక్కించారు. 29, సోమవారం ఉదయం మొదటి పట్టీ తీశాము. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్క పేరూ లేదు. ఎవరూ లేరని ఒక గీత మాత్రం వచ్చింది.

"ఇదేందప్పా, ఎవురూ తప్పలేదా?" అన్నాడు సైకిల్ అన్న కాగితాన్ని వెనక్కి తిప్పి చూస్తూ.

"తప్పకుంటే మంచిదే కదన్నా. నీకు సైకిల్ తొక్కకుంటే నిద్ర పట్టదా?"

"అది గాదు సిస్టరమ్మా. కొత్త మిషన్ వచ్చేపాటికి రోగులకు బుద్ధి వచ్చినట్లుంది. భయపడినారేమో."

మార్చి 7న నాలుగు పేర్లు వచ్చాయి. 14న ఏమీ లేదు. 21న ఏమీ లేదు. 28న అయిదు. ప్రతి సోమవారం సాయంత్రం సైకిల్ అన్న కేంద్రం ఫోను నుంచి నాకు ఆ అంకె చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. ఖాళీ వచ్చిన రోజున ఆయన గొంతులో సంతోషం వినిపించేది. ఏప్రిల్ 11న ఖాళీ వచ్చినప్పుడు నేను డైరీలో "తప్పినవారు తగ్గుచున్నారు" అని రాసుకున్నాను. పదిహేడేళ్ళుగా వానల లెక్క, విద్యార్థుల హాజరు లెక్క, ఇంట్లో బొగ్గు లెక్క రాస్తున్న మనిషిని. ఒక వారం నిండుగా, ఒక వారం పూర్తిగా సున్నగా వచ్చే వరసను చూసి, మనుషులు అట్లా తప్పరు గదా అని నాకు తోచలేదు.

మే 11, బుధవారం, నేను పరీక్ష హాలులో కాపలా ఉన్నాను. పదకొండున్నరకు సైకిల్ అన్న వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆళ్ళగడ్డ నుంచి ఆ ఎండలో బస్సులో వచ్చాడు. నన్ను చూడగానే ఏ పలకరింపూ లేకుండా అడిగాడు.

"సార్, పట్టీలో పేరు రాకపోతే దానర్థమేంది?"

"ఆ మనిషి మందుకు వస్తున్నాడని."

"వస్తాండ్లేదు సార్. రెండొందల పన్నెండు నంబరు మనిషి. నిన్న వేరే పనిమీద ఆ గూడేనికి పోయినా. కొట్టం ముందర కూర్చోని నెత్తురు కక్కుతాండాడు. మార్చి నుంచి మందు ముట్టలేదంట."

"మరి ఎందుకు రాలేదో అడిగావా?"

"అడగకుంటానా. వెదురు కొట్టనీకి లోపలికి పోయినాడంట, పదైదు రోజులు ఆలస్యమయినాదంట. ఆమీద ఏమన్యాడో తెలుసునా? పోయినేడు ఒకపారి తప్పితే నువ్వు సైకిలేసుకొని వస్తివి, ఈపారి ఎవురూ రాలేదు, అంటే నాకు బాగయిందని సిస్టరమ్మకు తెలిసినాదేమో అనుకున్నా, అన్యాడు సార్."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పోయినేడు ముప్పై ఆరోనాడు వాని ఇంటిముందర ఉన్యా. ఈపారి నా కాళ్ళు విరిగిన్యా, చెప్పండి సార్. పేరుంటే పోనా నేను?"

మరునాడు ఉదయం ఆరు గంటల పది నిమిషాల బస్సుకు ఆళ్ళగడ్డ బయలుదేరాను. ఏడు నలభై అయిదుకు చేరాను. సిస్టర్ అప్పటికే కార్డులన్నీ పెట్టెల్లోంచి తీసి బల్ల మీద పేర్చారు. నేను కూర్చొని, కార్డు నంబరు 212ను తెర మీదికి తెచ్చి, మార్చి 14 తేదీ వేసి చూశాను. ఫిబ్రవరి 8 నుంచి మార్చి 14కు ముప్పై అయిదు రోజులు. తెర మీద ముప్పై అయిదు. నా లెక్కకు సరిపోయింది. అయినా పట్టీలో పేరు రాలేదు.

"సిస్టర్, గడువు ఇరవై ఎనిమిది. వారం చూసి ముప్పై అయిదో రోజున పేరు రావాలి కదా. ఎందుకు రాలేదు?"

"ముప్పై అయిదు కాదు సార్, ముప్పై ఆరోనాడు."

"ఎట్లా?"

ఆమె నా వైపు చూసిన తీరు, ఎక్కాలు మరిచిపోయిన పిల్లవాణ్ణి చూసినట్లు ఉంది. "సోమారం నుంచి సోమారానికి ఎన్ని రోజులు సార్?"

"ఏడు."

"మీ కాలేజీలో ఏడేమో. ఈడ ఎనిమిది. ఎనిమిది రోజులకు రాప్పా అంటే మళ్ళా సోమారం వస్తారు. ఏడు రోజులకు రమ్మంటే ఆదివారమే వచ్చి తలుపుకాడ కూర్చుంటారు. పదైదు రోజులంటే రెండు వారాలు. ఇరవైతొమ్మిదంటే నాలుగు వారాలు. మందిచ్చిన పొద్దే ఒక మాత్ర మింగుతాండారు కదా, ఆ పొద్దును లెక్కలోంచి ఎట్లా తీసేస్తాం? ఆ ప్రోగ్రాం రాసిన అబ్బాయి ఈ బల్లకాడే ఈ కుర్చీలో కూర్చోని, నన్నడిగి రాసుకున్నాడు. ముప్పై ఆరు అని వస్తేనే పేరు అచ్చయ్యేట్లు పెట్టినాడు. సోమారం తప్ప వేరే పొద్దు మందియ్యం, పట్టీ తీయం కాబట్టి ఆ ఒక్క అంకె చాలన్యాడు."

నేను నంద్యాలలోనే పుట్టాను. మా ఇంట్లో ఎనిమిది రోజులంటే వారమే, పదైదు రోజులంటే రెండు వారాలే. మా అమ్మ ఇరవై ఏళ్ళపాటు నాకు ఆ లెక్కతోనే చెప్పింది. ఫిబ్రవరి 22 సాయంత్రం తెర మీద ఇరవై తొమ్మిది అని వచ్చినప్పుడు, అది మా ఇంటి లెక్క అని గుర్తుపట్టకుండా, యంత్రం పొరపాటు అనుకున్నాను. ప్రోగ్రాం తీసివేత చేసి, మందిచ్చిన రోజును కూడా చేర్చడానికి చివర ఒకటి కలుపుతోంది. నేను వేసిన ఏడు ఆ ఒకటిని తినేస్తోంది. అదీ అప్పు తెచ్చుకోవలసిన తేదీల్లో మాత్రమే. ఆ రోజుల్లో ముప్పై ఆరు రావలసినచోట ముప్పై అయిదు వస్తుంది. పేరు అచ్చు కాదు. మరుసటి సోమవారానికి ఆ అంకె ముప్పై ఆరును దాటిపోతుంది. ఇక ఎన్నటికీ అచ్చు కాదు.

"ఈ అంకె మారిందని మీరు చూడలేదా?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"చూసినా. కొన్ని పొద్దులు ఇరవైతొమ్మిది, కొన్ని పొద్దులు ఇరవైఎనిమిది అని వస్తాండ్య. సారు చదువుకున్నోడు, ఏదో కారణం ఉంటాదిలే అనుకున్నా."

"కారణం లేదు. నేను మార్చాను. ఆరు ఉండాల్సినచోట ఏడు వేశాను."

ఆమె కొంచెంసేపు కార్డుల అంచులు సర్దారు. "అయితే చెరి సగం పంచుకుందాం సార్. మీరు మార్చినారు, నేను అడగలేదు."

ఆ పంపకానికి నేను ఒప్పుకోలేదు. ఆమెతో ఆ మాట అనలేదు. డైరీలో మాత్రం మొత్తం నా పేరు మీదే రాసుకున్నాను.

ఏడును ఆరు చేయడానికి ఒక నిమిషం పట్టింది. ఆ తరువాత ఆ సాయంత్రం దాకా ఇద్దరం కూర్చొని, ఖాళీగా వచ్చిన ప్రతి సోమవారాన్ని మళ్ళీ వేసి చూశాము. ఫిబ్రవరి 29. మార్చి 14, 21. ఏప్రిల్ 11. మే 2, 9. ఆరు సోమవారాలు, పందొమ్మిది పేర్లు. సైకిల్ అన్న మా వెనకే నిలబడి ఊళ్ళ పేర్లను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఏ ఊరికి ముందు పోవాలో తనే నిర్ణయించుకున్నాడు. అందరికంటే ముందు గూడేనికి పోయాడు. మరునాడు మధ్యాహ్నానికి ఆ మనిషిని ఎద్దులబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో తీసుకువచ్చాడు.

మే 16 నుంచి ఆయనకు సూదిమందు మొదలుపెట్టారు. అరవై సూదులు అని డాక్టరు రాశారు. కేంద్రం వెనక రేకుల వరండాలో ఆయనకు మంచం వేశారు. నేను ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. నేను పోయి చేసేది ఏమీ లేదు. అయినా పోయాను. మూడో వారానికి నెత్తురు ఆగింది. జూన్ 25న, నలభై ఒకటో సూది తరువాత, సిస్టర్ వెనక నుంచి పిలిస్తే ఆయన తిరగలేదు. ఆ మందు కొందరికి చెవులను పాడుచేస్తుందని డాక్టర్లకు తెలుసు; సూదులు అక్కడితో ఆపి, మాత్రలకు మార్చారు. సూదులు ఆగిన తరువాత వినికిడి మరింత తగ్గలేదు కానీ, పోయింది తిరిగి రాలేదు.

జూలై 3, ఆదివారం ఉదయం పది గంటలకు ఆయనకు జరిగింది చెప్పాను. కొంత వినిపించే ఎడమవైపు కూర్చొని, గట్టిగా, మాట తరువాత మాట చెప్పవలసి వచ్చింది. మిషన్‌లో ఒక అంకె నేను తప్పు వేశానని, అందువల్ల ఆయన పేరు పట్టీలో రాలేదని, రాకపోవడం వల్లనే సైకిల్ అన్న పోలేదని చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"అయితే నాకు బాగయినాదని ఎవురూ అనుకోలేదు," అన్నాడు.

"అనుకోలేదు."

"నేనే అనుకున్నా." మళ్ళీ అన్నాడు. "అంకె తప్పింది నాకు తెలీదు సారూ. నాకు అంకెలు రావు. ఒకటి చెప్పు. వెదురులో ఉన్నప్పుడు ఎలుగుగొడ్డు ఎనకమాల నుంచి వస్తాది. కుడిపక్క నుంచి వస్తే ఇంక నాకెట్లా తెలుస్తాది?"

సిస్టర్ గంజి తెచ్చారు. ఆయన తాగాడు.

ఆ తరువాత ఆయన వెదురుకు పోలేదు. అడవికి ఒంటరిగా పోనివ్వనని ఆయన భార్య పట్టుబట్టింది. ఆ ఏడు చివర సైకిల్ అన్న ఆయనకు రోడ్డు పక్క ఒక రైతు మిరప తోటలో కావలి పని చూసిపెట్టాడు. అక్కడ ఆయన ఎడమ చెవిని తోట వైపు పెట్టి కూర్చుంటాడని సైకిల్ అన్న చెప్పాడు.

1988 నవంబరులో ట్రస్టువారు నందికొట్కూరు కేంద్రం కోసం మూడో నమూనా చేర్చమన్నారు. నేను వద్దన్నాను. ఇంకెవరూ లేరన్నారు; అది నిజం. చేశాను. ఈసారి పరీక్షకు వేయవలసిన తేదీలు, వాటికి రావలసిన అంకెలు నేను రాయలేదు. అక్కడ కార్డులు చూసే ఆమెను అడిగి, ఆమె వేళ్ళ మీద లెక్కించి చెప్పినవి చెప్పినట్లు రాసుకున్నాను. నూట ఇరవై తేదీలు. ఆమె లెక్కకూ నా లెక్కకూ తేడా వచ్చినచోట ఆమె లెక్కనే ఉంచాను. వాటిలో మూడుచోట్ల ఆమే పొరపడ్డారు. ఆ మూడింటినీ ఆమెకు చూపించి, ఆమె దిద్దిన తరువాతనే నేను దిద్దుకున్నాను. ఈ పనికి తొంభై ఒక్క గంటలు పట్టింది.

1989 జూన్ 30 నాటికి నా డైరీలో ఉన్న లెక్క ఇది. ఖాళీగా వచ్చిన సోమవారాలు, ఆరు. పట్టీకి ఎక్కని పేర్లు, పందొమ్మిది. వారిలో తమంత తామే తిరిగి వచ్చినవారు, పన్నెండు మంది. సైకిల్ అన్న పోయి తెచ్చినవారిలో మందు కొనసాగించగలిగినవారు, నలుగురు. మొదటి నుంచి సూదులతో మొదలుపెట్టవలసి వచ్చినవారు, ఇద్దరు. ఇద్దరి కఫంలోనూ ఇప్పుడు క్రిమి లేదు. కూలికి గుంటూరు వైపు పోయి ఆచూకీ దొరకనివారు, ఒకరు. కార్డు నంబరు 347, ఆడమనిషి, ఇరవై ఆరేళ్ళు. పోయినది, 212 నంబరు మనిషి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం, వెదురు పని. మిగిలినది, ఆయన ప్రాణం, ఎడమ చెవిలో మిగతా సగం.